కౌంటర్‌కు కాస్త తీరిక ఉండాలి

పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో, కరెంటు బిల్లు కట్టేచోటో నిలబడ్డ ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తుంది. లోపల కూర్చున్న గుమాస్తా చెయ్యి ఆడుతూనే ఉంది. సగటున ఒక్కొక్కరికి మూడు నిమిషాలు పడుతోంది. అంటే గంటకు 20 మందిని పంపగలడు. వచ్చేవాళ్లను లెక్కేస్తే గంటకు 18 మందే తేలుతున్నారు. పంపే శక్తి వచ్చేవాళ్లకంటే ఎక్కువే ఉన్నప్పుడు క్యూ అసలెందుకు కట్టాలి? కూడికలు, తీసివేతలు నేర్చిన పిల్లవాణ్ణి అడిగినా ఇంకో ఇద్దరికి చోటు మిగలాలనే అంటాడు. తీరా చూస్తే మన ముందు తొమ్మిది మంది ఉన్నారు.

ఈ అనుమానానికి మనకు వెంటనే దొరికే జవాబు గుమాస్తా మీద కోపం. పని నెమ్మదిగా చేస్తున్నాడనో, తెలిసినవాళ్లను ముందు పంపిస్తున్నాడనో అనుకుంటాం. అలా జరిగే చోట్లు లేవని కాదు. కానీ గుమాస్తా నిజాయితీగా, ఒక్క నిమిషం వృథా చేయకుండా పనిచేసినా ఆ తొమ్మిది మంది అక్కడ ఉంటారు. ఎందుకుంటారో చెప్పే శాస్త్రం ఒకటుంది. ఇంగ్లీషులో క్యూయింగ్ థియరీ అంటారు. మనం వరసల శాస్త్రం అనుకుందాం. దానికి వందేళ్లు దాటాయి.

దాచుకోలేని తీరిక

ఒక చిన్న ఊరి పోస్టాఫీసులో ఒకే ఒక్క కౌంటర్ ఉందనుకోండి. సులువుగా ఉండడానికి ప్రతి పనికీ సరిగ్గా మూడు నిమిషాలే పడుతుందని కూడా అనుకుందాం. పది గంటలకు తలుపు తీశారు. 10:00కు ఒకరు, 10:01కి ఒకరు, 10:02కి ఒకరు వచ్చారు. మొదటివాళ్లు నిలబడలేదు. రెండోవాళ్లు రెండు నిమిషాలు, మూడోవాళ్లు నాలుగు నిమిషాలు నిలబడ్డారు. 10:09కి ముగ్గురి పనీ అయిపోయింది. తర్వాత ఎవరూ రాలేదు. గుమాస్తా ఆరు నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. 10:15కి బస్సు ఆగింది, నలుగురు ఒక్కసారే లోపలికి వచ్చారు. వాళ్లు వరసగా సున్నా, మూడు, ఆరు, తొమ్మిది నిమిషాలు నిలబడ్డారు. 10:27కి నాలుగో మనిషి కూడా వెళ్లిపోయాడు.

ఈ అరగంట లెక్క చూడండి. వచ్చింది ఏడుగురు, పని 21 నిమిషాలు, గుమాస్తాకు తీరిక 9 నిమిషాలు. అయినా జనం నిలబడ్డ సమయమంతా కూడితే 24 నిమిషాలు. అదే ఏడుగురు నాలుగేసి నిమిషాలకు ఒకరు చొప్పున వచ్చి ఉంటే ఎవరూ ఒక్క నిమిషం కూడా నిలబడేవారు కాదు.

వాన ఒక్క వారంలోనే కురిసిపోయినా చెరువు ఉన్న ఊరికి దిగులు ఉండదు. ఎక్కువైన నీరు చెరువులో నిలుస్తుంది, వానలు లేని నెలల్లో తూము తీసి వాడుకుంటారు. కౌంటర్‌కు అలాంటి చెరువు లేదు. 10:09 నుంచి 10:15 దాకా మిగిలిన ఆరు నిమిషాలను ఒక పక్కన నిలవచేసి, బస్సు దిగిన నలుగురి కోసం తీసి వాడలేం. అవి పోయినట్టే. జనం మాత్రం పోరు, హాల్లో నిలబడే ఉంటారు. క్యూ పుట్టేది ఇక్కడే. రోజు మొత్తం మీద సగటు సరిపోయినా, ఏ నిమిషానికి ఆ నిమిషం సరిపోదు. పిల్లవాడు చేసిన తీసివేతలో తప్పేమీ లేదు. అందులో నిమిషాలు లేవు, అంతే.

నిజమైన పోస్టాఫీసులో ఇంకో ఎగుడుదిగుడు కూడా ఉంటుంది. ఒకరు స్టాంపు కొని అరనిమిషంలో వెళ్లిపోతారు. ఇంకొకరు సేవింగ్స్ ఖాతాలో డబ్బు తీయడానికి వస్తే సంతకం కలవదు, మళ్లీ పెట్టిస్తారు. మూడోవారు ఏదో ఆఫీసు నుంచి స్పీడ్ పోస్ట్ కవర్ల కట్టతో వస్తారు. ఒక్కో కవరూ తూచాలి, చిరునామా ఎక్కించాలి, బార్‌కోడ్ అంటించాలి, రసీదు తీయాలి. సగటు మూడు నిమిషాలే కావచ్చు. కానీ ఆ కట్ట వెనక నిలబడ్డ ముసలాయనకు సగటుతో ఏం పని?

కోపెన్‌హాగెన్‌లో మొదలైన లెక్క

ఈ శాస్త్రానికి పునాది వేసినవాడు ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. డెన్మార్క్ దేశస్థుడు, 1878లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. ఎర్లాంగ్ కూడా కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించాక కొన్నేళ్లు బళ్లలో పాఠాలు చెప్పాడు. 1908లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో చేరాడు. అప్పట్లో ఫోన్ ఎత్తితే ఎక్స్‌చేంజీలో ఆపరేటర్ పలికేది. ఎవరు కావాలో అడిగి, తన ముందున్న బోర్డులో ఒక తీగను ఇంకో రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలిపేది. ఎంతమంది ఆపరేటర్లు కావాలి, ఎన్ని లైన్లు వెయ్యాలి అన్నది కంపెనీకి డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న. తక్కువైతే జనం తిడతారు, ఎక్కువైతే జీతాలు, రాగి తీగల ఖర్చు నెత్తిన పడతాయి.

ఒకరితో ఒకరికి సంబంధం లేని వేలమంది ఎవరి అవసరానికి వాళ్లు ఫోన్ ఎత్తుతారు. ఎవరు ఎప్పుడు ఎత్తుతారో చెప్పలేం. అయినా అందరినీ కలిపి చూస్తే ఆ గందరగోళానికి ఒక స్థిరమైన తీరు ఉందని ఎర్లాంగ్ 1909లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. నిమిషానికి సగటున ఒక కాల్ వచ్చే ఎక్స్‌చేంజీని వంద నిమిషాలు గమనించామనుకోండి. ఆ తీరు ప్రకారం ఇంచుమించు 37 నిమిషాల్లో ఒక్క కాల్ కూడా రాదు. మరో 37 నిమిషాల్లో ఒక్కటే వస్తుంది. మిగిలిన 26 నిమిషాల్లో రెండో, అంతకంటే ఎక్కువో వచ్చిపడతాయి. సగటు ఒకటే అయినా, సగటు మాట నిలబెట్టిన నిమిషాలు మూడో వంతుకు కాస్తే ఎక్కువ.

1917లో ఇంకో వ్యాసంలో అసలు సూత్రాలు ఇచ్చాడు. ఇంత రద్దీకి ఇన్ని లైన్లు ఉంటే ఎంతమందికి లైన్ దొరకదు, ఎంతసేపు ఆగాల్సి వస్తుంది అన్నవి ఆ సూత్రాలతో ముందుగానే లెక్కకట్టవచ్చు. బ్రిటన్ తపాలా శాఖ, అక్కడ ఫోన్లు నడిపింది కూడా అదే, ఆ సూత్రాలను స్వీకరించింది. కాల్ సెంటర్‌లో ఏ గంటకు ఎంతమందిని కూర్చోబెట్టాలో తేల్చడానికి ఇవాళ్టికీ వాడేవి అవే. ఎర్లాంగ్ 1929లో, యాభై ఒక్క ఏళ్లకే కన్నుమూశాడు. 1946లో టెలిఫోన్ రద్దీకి కొలమానంగా ఆయన పేరే పెట్టారు. ఒక లైన్ ఏ మాత్రం ఖాళీ లేకుండా నిండి ఉంటే ఆ రద్దీ ఒక ఎర్లాంగ్.

ఫోన్ కాల్ బదులు మనిషిని, ఆపరేటర్ బదులు గుమాస్తాను పెట్టండి. మన పోస్టాఫీసుకు ఈ లెక్క అతికినట్టు సరిపోతుంది.

ఒక్క మనిషి పెరిగితే

కౌంటర్ శక్తిలో ఎంత భాగం వాడకంలో ఉందో దాన్ని పనిభారం అందాం. గంటకు 20 మందిని పంపగల కౌంటర్‌కు 10 మంది వస్తే పనిభారం సగం. 18 మంది వస్తే పదింట తొమ్మిది వంతులు.

రాకల్లోనూ పనుల్లోనూ ఎర్లాంగ్ చెప్పిన తీరు ఎగుడుదిగుళ్లు ఉన్నప్పుడు, మన వంతు వచ్చేదాకా సగటున ఎంతసేపు నిలబడాలో చూద్దాం. గంటకు 10 మంది వచ్చే కౌంటర్ దగ్గర మూడు నిమిషాలు. 16 మంది వస్తే 12 నిమిషాలు. 18 మంది వస్తే 27 నిమిషాలు. మొదట్లో మనకు కనిపించిన తొమ్మిది మంది వీళ్లే, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఇప్పుడు గంటకు ఇంకొక్క మనిషిని కలపండి. 19 మందికి నిరీక్షణ 57 నిమిషాలు.

ఈ ఒక్క అంకె దగ్గర కాసేపు ఆగాలి. పది మంది వచ్చేచోట పదకొండో మనిషి చేరితే ఎవరికీ తెలియదు కూడా. నిరీక్షణ ముప్పావు నిమిషం లోపే పెరుగుతుంది. అదే 18 మంది వచ్చేచోట పందొమ్మిదో మనిషి చేరితే ప్రతి ఒక్కరూ మరో అరగంట నిలబడాలి. వచ్చింది అదే ఒక్క మనిషి, అదే మూడు నిమిషాల పని. కానీ అప్పటికే కౌంటర్‌కు మిగిలిన తీరిక గంటకు ఆరు నిమిషాలు. ఆ మనిషి అందులో సగం తీసేసుకున్నాడు. మిగిలిన తీరిక సగమైతే నిరీక్షణ సుమారు రెండింతలవుతుంది. తీరిక సున్నాకు దగ్గరయ్యేకొద్దీ క్యూకు అంతు ఉండదు.

కాబట్టి గుమాస్తా ఖాళీగా కనిపించిన ప్రతిసారీ ప్రజల డబ్బు వృథా అవుతోందని అనుకోవడం పొరపాటు. ఆ ఖాళీ ఉండబట్టే ఇవతల మనం పది నిమిషాల్లో బయటపడుతున్నాం. సిబ్బందికి క్షణం తీరిక లేకుండా చేశానని ఏ అధికారైనా గర్వంగా చెప్పుకుంటే, జనం సమయానికి ఆయన సున్నా విలువ కట్టాడని అర్థం. జీతం పద్దులో గుమాస్తా తీరిక కనిపిస్తుంది. హాల్లో నిలబడ్డ కూలి పోగొట్టుకున్న పూట ఏ పద్దులోనూ కనిపించదు. ఈ అన్యాయం చాలా ఆఫీసుల్లో నడుస్తోంది.

ఎగుడుదిగుళ్లు తగ్గించినా మేలు జరుగుతుంది. ఇది 1930లో ఫెలిక్స్ పొలాచెక్, 1932లో రష్యా గణితవేత్త అలెగ్జాండర్ ఖించిన్ తేల్చిన సంగతి. అందరి పనికీ సరిగ్గా మూడు నిమిషాలే పడితే, అదే 18 మంది వచ్చే కౌంటర్ దగ్గర నిరీక్షణ 27 నుంచి పదమూడున్నర నిమిషాలకు దిగుతుంది. గుమాస్తా వేగం పెరగలేదు, మనిషి పెరగలేదు. కట్టలు తెచ్చేవాళ్లకు వేరే వేళ పెట్టడం, ఫారం నింపడం, జిరాక్సులు సరిచూడడం కౌంటర్‌కు చేరకముందే పూర్తి చేయించడం వంటివి ఈ ఎగుడుదిగుళ్లను కోసేస్తాయి. గుమాస్తాను తొందరపెట్టడం కంటే ఇది మేలైన దారి.

కౌంటర్‌కో వరసా, అందరికీ ఒకటేనా?

పక్క వరస ఎప్పుడూ త్వరగా కదులుతుందని అందరికీ అనిపిస్తుంది. అందులో నిజం ఉంది. మన వరస నడుమ ఉంటే, అటొకటి ఇటొకటి కలిపి మూడు వరసలు. మూడింట్లో మనదే అన్నిటికంటే వేగంగా కదిలే అవకాశం మూడో వంతే. మిగతా రెండు వంతుల సార్లు ఎవరో ఒకరు మనల్ని దాటిపోతూనే ఉంటారు.

కౌంటర్లు ఎన్ని ఉన్నా అందరికీ ఒకే వరస పెట్టి, ఏది ఖాళీ అయితే అక్కడికి ముందున్న మనిషి వెళ్తే ఈ బాధ ఉండదు. టోకెన్ మెషిన్ చేసే పని ఇదే. దీనివల్ల మనసు కుదుటపడడమే కాదు, నిరీక్షణ కూడా తగ్గుతుంది. గంటకు 18 మంది చొప్పున వచ్చే రెండు కౌంటర్ల దగ్గర, వరస మారకుండా ఎవరి వరసలో వాళ్లు నిలబడితే సగటు 27 నిమిషాలు. అవే రెండు కౌంటర్లకు ఒకే వరస పెడితే సుమారు 13 నిమిషాలు. మూడు కౌంటర్లను కలిపితే ఎనిమిది. ఒక గుమాస్తా దగ్గర కట్ట పడ్డప్పుడు ఇంకో గుమాస్తా తీరిక అక్కరకొస్తుంది. దాచుకోలేని తీరికను పంచుకోవచ్చన్నమాట.

కంప్యూటర్లు రాకముందు రైల్వే రిజర్వేషన్ ఆఫీసుల్లో ఒక్కో కౌంటర్‌లో కొన్ని రైళ్లకే టికెట్లు ఇచ్చేవారు. ఆ రైలు రిజిస్టర్ ఆ గుమాస్తా దగ్గరే ఉండేది మరి. ఒక రైలు కౌంటర్ దగ్గర క్యూ గుమ్మం దాటితే, పక్క కౌంటర్‌లో ఇంకో రైలు గుమాస్తా ఖాళీగా ఉండేవాడు. 1980ల నడుమ ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్‌తో ఏ కౌంటర్‌లోనైనా ఏ రైలుకైనా టికెట్ దొరికింది. మన దగ్గర 2001లో హైదరాబాద్‌లో వచ్చిన ఈసేవ కేంద్రాలు చేసిందీ అదే. అంతకుముందు కరెంటు బిల్లుకు ఒకచోట, నీటి బిల్లుకు ఇంకోచోట, ఫోన్ బిల్లుకు మరోచోట నిలబడేవాళ్లం. ఏ కౌంటర్‌లోనైనా ఏ బిల్లైనా కట్టవచ్చన్నది ఈసేవ ఇచ్చిన మాట. అందులో కంప్యూటర్ గొప్పతనం ఎంతో, వరసలు కలిపిన తెలివి కూడా అంతే.

మరి అందరికీ ఒకటే వరస అయినప్పుడు చిన్న పని ఉన్నవాళ్లను ముందు పంపాలా? ఇరవై నిమిషాల కట్ట తెచ్చిన మనిషి వెనక రెండేసి నిమిషాల పని ఉన్నవాళ్లు ఐదుగురు ఉన్నారనుకోండి. వచ్చిన వరసలోనే పంపితే ఆరుగురి సగటు నిరీక్షణ 20 నిమిషాలు. ఐదుగురినీ ముందు పంపితే సగటు ఐదు నిమిషాలు, కట్ట మనిషి ఆగేది పది నిమిషాలే. లెక్క చూస్తే రెండోదే మేలు. కానీ చిన్న పనులవాళ్లు వస్తూనే ఉంటే కట్ట మనిషి వంతు సాయంత్రానికి కూడా రాదు. అందుకని చిన్న పనులకు వేరే కౌంటర్ పెట్టి, ఆ సంగతి బోర్డు మీద రాస్తే అందరూ ఒప్పుకుంటారు. రాయకుండా గుమాస్తా తన ఇష్టం మీద పంపితే గొడవవుతుంది, ఆ గొడవ న్యాయమైనదే.

మన లెక్క మనమే కట్టుకోవచ్చు

క్యూలో ఎంతసేపు పడుతుందో తెలుసుకోవడానికి పైన చెప్పిన సూత్రాలేవీ అక్కర్లేదు. లోపల ఉన్న జనం సంఖ్యను గంటకు బయటికి వెళ్తున్నవాళ్ల సంఖ్యతో భాగిస్తే చాలు. మన ముందు 30 మంది ఉన్నారు, పది నిమిషాల్లో ఐదుగురు బయటికి వెళ్లారు, అంటే గంటకు 30 మంది. మన వంతుకు గంట. ఇంత చిన్న లెక్కకు అమెరికా శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో నిరూపణ ప్రచురించేదాకా గట్టి ఆధారం లేదు. ఆయన క్లాసులో ఈ సంబంధం గురించి చెబుతుంటే, దీన్ని అన్ని రకాల క్యూలకూ నిరూపించడం కష్టమా అని ఒక విద్యార్థి అడిగాడట. పెద్ద కష్టం కాకపోవచ్చు అన్నాడాయన. అయితే మీరే చేయండి అన్నాడు విద్యార్థి. ఇప్పుడు దాన్ని లిటిల్ సూత్రం అంటారు. జనం ఎలా వచ్చినా, గుమాస్తాలు ఎందరున్నా, చాలాసేపటి సగటు మీద అది తప్పదు.

ఇంతవరకు చెప్పిందంతా వచ్చేవాళ్లు కౌంటర్ శక్తికి లోబడి ఉన్నప్పటి మాట. ఆ హద్దు దాటితే సగటు అనేదే ఉండదు, క్యూ పెరుగుతూనే పోతుంది. హద్దు లోపలే ఉన్నా, ముందే పేరుకున్న క్యూ ఒక పట్టాన తీరదు. నెల మొదట్లో బ్యాంకు తలుపు తీసేసరికే 40 మంది గుమ్మం ముందు ఉన్నారనుకోండి. గంటకు 20 మందిని పంపే ఒకే కౌంటర్, కొత్తగా గంటకు 16 మంది వస్తున్నారు. గంటకు తగ్గేది నలుగురే. ఆ బాకీ తీరడానికి పది గంటలు పడుతుంది, అంటే ఆ రోజుకు తీరదు. తలుపు తీసిన వెంటనే రెండో కౌంటర్ తెరిస్తే గంటా నలభై నిమిషాల్లో తీరిపోతుంది. ఆ తర్వాత రెండో గుమాస్తా తన పని తాను చూసుకోవచ్చు. చాలాచోట్ల జరిగేది తలకిందులు. జనం గొడవ పెట్టాక, భోజనాల వేళ దాటాక రెండో కౌంటర్ తెరుస్తారు. అప్పటికి పొద్దుటి నుంచి నిలబడ్డవాళ్ల గంటలు ఎలాగూ పోయాయి.

టోకెన్ పేరుతో వేళలు పంచడం రాకల ఎగుడుదిగుళ్లను ముందే సరిచేసే ఉపాయం. పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల అపాయింట్‌మెంట్లు, తిరుమల సర్వదర్శనానికి తిరుపతిలో ఇచ్చే టైమ్‌స్లాట్ టోకెన్లు ఈ కోవలోవే. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో పిల్లలతో, ముసలివాళ్లతో గంటలకొద్దీ కూర్చునే బదులు, ఇచ్చిన వేళకు వెళ్లవచ్చు. కానీ టోకెన్లన్నీ ఒకే వేళకు ఇస్తామంటే గుడి ముందు తప్పిన క్యూ టోకెన్ కౌంటర్ ముందు కడుతుంది, అదీ ఒక్కసారిగా. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. వరసను ఎక్కడికి జరుపుతున్నామో, అక్కడ నిమిషానికి ఎంతమంది చేరతారో ముందు లెక్కకట్టడం ఎందుకు అవసరమో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

నిలబడేవాళ్లకు ఇంకొక్కటి కావాలి. ఎంతసేపో తెలియని పది నిమిషాలు, తెలిసిన ఇరవై నిమిషాలకంటే బరువు. నిరీక్షణలో మనసు తీరు గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసంలో ముఖ్యంగా చెప్పిన సంగతుల్లో ఇదొకటి. దీనికి ఖర్చేమీ లేదు. గంటకు ఎంతమందిని పంపుతున్నారో, లోపల ఎంతమంది ఉన్నారో ప్రతి ఆఫీసుకూ తెలుసు. ఆ రెండంకెలూ గుమ్మం దగ్గర రాసిపెట్టమని మీ ఊరి ఆఫీసులో అడగండి. పొద్దున క్యూ గుమ్మం దాటగానే రెండో కౌంటర్ తెరవమని కూడా అడగండి. అధికారి ఖర్చు మాట ఎత్తితే, గంటకు 18 మందికీ 19 మందికీ మధ్య ఉన్న ఆ అరగంట లెక్క ఆయనకు చూపించండి.